వణుకు కాని వణుకు: ఆస్టెరిక్సిస్ - కారణాలు, వైద్యపరమైన ప్రాధాన్యం

వ్యాససంగ్రహం

చేతులు ముందుకు చాచి, మణికట్లను పైకి వంచి నిలిపి ఉంచినప్పుడు అవి ఉన్నట్టుండి కిందికి వాలి, వెంటనే మళ్లీ పైకి లేస్తే ఆ లక్షణాన్ని వైద్యులు ‘ఫ్లాపింగ్ ట్రెమర్’ అంటారు. పక్షి రెక్కలాడించినట్టు కనిపించడం వల్ల వచ్చిన పేరు ఇది. దీని శాస్త్రీయనామం ఆస్టెరిక్సిస్. పేరులో వణుకు ఉన్నా స్వభావరీత్యా ఇది వణుకు కాదు. కండరాల బిగువు క్షణకాలం తెగిపోవడం. కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు విఫలమై మెదడు పనితీరు దెబ్బతింటున్న దశలో ఇది కనిపిస్తుంది. కొన్ని మందుల వల్ల, మెదడులోని కొన్ని భాగాలకు కలిగే గాయాల వల్ల కూడా రావచ్చు. ఈ లక్షణపు చరిత్రను, శరీరధర్మాన్ని, కారణాలను, పరీక్షావిధానాన్ని వివరించడం, దీనిని సాధారణ వణుకుగా పొరబడితే కలిగే ప్రమాదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆస్టెరిక్సిస్, ఫ్లాపింగ్ ట్రెమర్, హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ, అమ్మోనియా, యురీమియా, స్థైర్యభంగం.

1. ఉపోద్ఘాతం

చేతులు వణకడం మన సమాజంలో అతి సాధారణంగా వినిపించే ఫిర్యాదు. వృద్ధుల చేతులు వణికితే వయసు అంటాం. మద్యం తాగేవారి చేతులు వణికితే తాగుడు అంటాం. ఆందోళనలో ఉన్నవారి చేతులు వణికితే భయం అంటాం. ఈ మూడు సమాధానాలూ చాలా సందర్భాల్లో సరైనవే. అయితే వీటిలో ఏదీ వర్తించని ఒక కదలిక ఉంది. అది పైకి వణుకులాగే కనిపిస్తుంది, కాని దాని వెనుక ప్రాణాపాయస్థితి ఉండవచ్చు. దానిని గుర్తించడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. రోగిని చేతులు చాచమని అడిగి, అర నిమిషం ఓపికగా చూస్తే చాలు. ఇంత సులభమైన పరీక్ష ఇంత విలువైన సమాచారాన్ని ఎలా ఇస్తుందో తెలియాలంటే ముందుగా ఆ కదలిక స్వరూపాన్ని తెలుసుకోవాలి.

2. పేరు, చరిత్ర

కాలేయానికీ మెదడుకూ సంబంధం ఉందన్న ఆలోచనకు ప్రయోగాత్మక ఆధారం 19వ శతాబ్దంలో రష్యాలో లభించింది. నికొలాయ్ ఎక్ 1877లో కుక్కల్లో కాలేయ నిర్వాహక సిరను నేరుగా మహాసిరకు కలిపే శస్త్రచికిత్సను వివరించాడు. పేగుల నుంచి వచ్చే రక్తం దీనివల్ల కాలేయాన్ని తప్పించుకొని శరీరమంతటికీ చేరుతుంది. 1893లో పావ్లోవ్, ఆయన సహచరులు ఇటువంటి కుక్కలకు మాంసం పెట్టినప్పుడు వాటి ప్రవర్తన మారిపోవడాన్ని, అవి స్పృహ కోల్పోవడాన్ని నమోదు చేశారు. ఆహారంలోని మాంసకృత్తుల నుంచి పుట్టే ఏదో పదార్థాన్ని కాలేయం అడ్డుకుంటోందని, ఆ అడ్డు తొలగితే మెదడు దెబ్బతింటోందని దీనివల్ల స్పష్టమైంది.

చేతుల్లో కనిపించే ఈ ప్రత్యేక లక్షణాన్ని శాస్త్రీయంగా వర్ణించినవారు అమెరికన్ నాడీవైద్యులు రేమండ్ ఆడమ్స్, జోసెఫ్ ఫోలీ. తీవ్రమైన కాలేయవ్యాధి ఉన్న రోగుల్లో తాము గమనించిన నాడీసంబంధ మార్పులను వారు 1949లో ప్రకటించారు. 1953లో వెలువరించిన విస్తృతమైన వ్యాసంలో దీనికి ఆస్టెరిక్సిస్ అనే పేరును వాడారు. గ్రీకులో ‘స్టెరిక్సిస్’ అంటే స్థిరంగా నిలపడం. ‘అ’ అనే ఉపసర్గ దానికి వ్యతిరేకార్థాన్నిస్తుంది. సంస్కృతంలో ‘అ’కారం చేసే పనినే ఇక్కడ గ్రీకు ఉపసర్గ చేస్తున్నది. అంటే పదం మొత్తానికి అర్థం ‘నిలకడ లేకపోవడం’. ఆ పేరులో వణుకు అన్న భావమే లేదు.

మొదట ఇది కాలేయవ్యాధికే ప్రత్యేకమని భావించారు. తరువాతి దశకాల్లో మూత్రపిండాల వైఫల్యంలోనూ, శ్వాసకోశ వైఫల్యంలోనూ ఇదే కదలిక కనిపించడంతో ఆ అభిప్రాయం మారింది.

3. తెలుగు పరిభాష

వణుకు, అదురు, కంపం, వేపథువు అనే మాటలన్నీ ఆగకుండా పునరావృతమయ్యే చలనాన్ని సూచిస్తాయి. ఆస్టెరిక్సిస్‌లో జరిగేది దానికి భిన్నం. అక్కడ చలనం పుట్టడం లేదు, నిలకడ తెగుతోంది. అందువల్ల ‘రెక్కల వణుకు’ అన్న అనువాదం దృశ్యాన్ని చూపుతుంది గాని స్వభావాన్ని చెప్పదు.

వాడుక తెలుగులో దీనికి దగ్గరి మాట మరొకటి ఉంది. చేతిలోని వస్తువు జారిపోయినప్పుడు ‘పట్టు తప్పింది’ అంటాం. ‘చెయ్యి వణుకుతోంది’ అనే రోగికీ, ‘చెయ్యి పట్టు తప్పుతోంది’ అనే రోగికీ భేదం ఉండవచ్చు. రెండో మాట వినిపించినప్పుడు వైద్యుడు ప్రత్యేకంగా శ్రద్ధ వహించాలి. శాస్త్రరచనలో ‘స్థైర్యభంగం’ అనే సమాసం గ్రీకు మూలార్థానికి సరిపోతుంది. ఈ వ్యాసంలో ఆస్టెరిక్సిస్, స్థైర్యభంగం అనే మాటలను సమానార్థకాలుగా వాడుతున్నాను.

4. శరీరధర్మం: ఏం జరుగుతుంది?

చేతిని గాలిలో ఒకే భంగిమలో నిలపడం తేలికైన పనిగా తోస్తుంది. నిజానికి అది నిరంతర శ్రమ. గురుత్వాకర్షణ చేతిని ప్రతిక్షణం కిందికి లాగుతూనే ఉంటుంది. దానిని ఎదుర్కోవడానికి మెదడులోని చాలక వల్కలం నుంచి వెన్నుపాము ద్వారా కండరాలకు ఎడతెగని సంకేతాలు అందుతూ ఉండాలి. ఈ ప్రవాహాన్ని థాలమస్, అనుమస్తిష్కం, మెదడుకాండం కలిసి క్రమబద్ధం చేస్తాయి.

ఆస్టెరిక్సిస్‌లో ఈ సంకేతప్రవాహం క్షణకాలం ఆగిపోతుంది. కండరాల విద్యుత్ చర్యను నమోదుచేసే ఎలక్ట్రోమయోగ్రఫీ పరీక్షలో ఈ విరామం స్పష్టంగా కనబడుతుంది. సుమారు 50 నుంచి 200 మిల్లీసెకన్ల పాటు కండరం పూర్తిగా మౌనంగా ఉంటుంది. దీపం రెప్పపాటు ఆరి మళ్లీ వెలిగినట్టుగా ఇది జరుగుతుంది. ఆ మౌనంలో చెయ్యి తన బరువుకు తానే వాలుతుంది. సంకేతం తిరిగి రాగానే రోగి ప్రమేయం లేకుండానే చెయ్యి పూర్వస్థితికి లేస్తుంది. చూసేవారికి కనిపించే రెక్కలాట ఈ వాలడం, లేవడం కలిసిన దృశ్యమే.

కండరం అకస్మాత్తుగా బిగుసుకొని కుదుపునివ్వడాన్ని మయోక్లోనస్ అంటారు. ఇక్కడ కుదుపుకు కారణం బిగువు కాదు, బిగువు లేకపోవడం. అందుకే నాడీశాస్త్రంలో ఆస్టెరిక్సిస్‌ను ‘నెగెటివ్ మయోక్లోనస్’ వర్గంలో చేర్చారు. వణుకుతో దీనికున్న భేదం కూడా ఇక్కడే తేలుతుంది. పార్కిన్సన్ వ్యాధిలో విశ్రాంతిగా ఉన్న చేతిలో సెకనుకు దాదాపు 4 నుంచి 6 సార్లు లయబద్ధమైన కదలిక ఉంటుంది. ఆస్టెరిక్సిస్‌లో లయ ఉండదు. విశ్రాంతిగా ఒడిలో ఉన్న చేతిలో అది కనిపించదు కూడా. నిలపడానికి ప్రయత్నించినప్పుడే నిలకడ లోపం బయటపడుతుంది.

5. కారణాలు

5.1 కాలేయ వైఫల్యం

పేగుల్లోని బాక్టీరియా మాంసకృత్తులను, యూరియాను విచ్ఛిన్నం చేసినప్పుడు అమ్మోనియా పుడుతుంది. పేగు కణాలు కూడా కొంత అమ్మోనియాను తయారుచేస్తాయి. ఇది కాలేయ నిర్వాహక సిర ద్వారా కాలేయానికి చేరి అక్కడ యూరియాగా మారి మూత్రంలో పోతుంది. సిర్రోసిస్ వచ్చినప్పుడు ఈ ఏర్పాటు రెండు విధాలుగా దెబ్బతింటుంది. కాలేయకణాల సామర్థ్యం తగ్గుతుంది. గట్టిపడిన కాలేయంలోకి పోలేని రక్తం పక్కదారుల్లో శరీరంలోకి మళ్లుతుంది. ఎక్ కుక్కల్లో శస్త్రచికిత్సతో కల్పించిన స్థితిని సిర్రోసిస్ రోగిలో వ్యాధే కల్పిస్తుంది.

మెదడుకు చేరిన అమ్మోనియాను ఆస్ట్రోసైట్లు అనే కణాలు గ్లూటమిన్‌గా మారుస్తాయి. గ్లూటమిన్ పేరుకుపోయినకొద్దీ నీరు చేరి ఆ కణాలు ఉబ్బుతాయి, నాడీకణాల మధ్య సంకేతాల సమతూకం చెడుతుంది. శరీరంలోని వాపు ప్రక్రియ ఈ నష్టాన్ని మరింత పెంచుతుంది. ఫలితంగా ఏర్పడే స్థితే హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ.

దీని తీవ్రతను కొలిచే వెస్ట్ హేవెన్ ప్రమాణాల్లో నాలుగు దశలున్నాయి. మొదటి దశలో ఏకాగ్రత తగ్గడం, చిన్న కూడికలు తీసివేతల్లో తడబడడం, నిద్రవేళలు తారుమారు కావడం కనిపిస్తాయి. రెండో దశలో మందకొడితనం, తేదీ వారం తెలియకపోవడం, ప్రవర్తనలో మార్పు వస్తాయి. ఆస్టెరిక్సిస్ స్పష్టంగా కనిపించేది ఈ దశలోనే. మూడో దశలో రోగి ఎక్కువసేపు మగతలో ఉంటాడు. నాలుగోది కోమా. అంటే ఆస్టెరిక్సిస్ రోగి ఇంకా మాట వింటున్న దశలో, కోమాకు ముందుగా అందే హెచ్చరిక.

5.2 మూత్రపిండాల వైఫల్యం

మూత్రపిండాలు వడపోయలేని వ్యర్థాలు రక్తంలో పేరుకున్నప్పుడు కలిగే యురీమియాలో కూడా ఆస్టెరిక్సిస్ వస్తుంది. దీనితో పాటు వాంతులు, ఎక్కిళ్లు, మగత ఉంటే అది అత్యవసరంగా డయాలసిస్‌ను ఆలోచించవలసిన స్థితి. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అసాధారణంగా ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల్లో పనిచేసే ఆరోగ్యకార్యకర్తలకు ఈ పరీక్ష తెలిసి ఉండటం ఎంతో ఉపయోగకరం. అయితే మూత్రపిండ రోగిలో స్థైర్యభంగం కనిపించగానే నెపం యురీమియా మీదనే వేయరాదు. మూత్రం ద్వారా విసర్జన కావలసిన గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులు శరీరంలో నిలిచిపోయి ఇదే లక్షణాన్ని కలిగించగలవు.

5.3 శ్వాసకోశ వైఫల్యం

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధిలో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక రక్తంలో పెరిగితే మెదడు మందగిస్తుంది. ఉదయం తలనొప్పి, వెచ్చని అరచేతులు, బలంగా కొట్టుకునే నాడి, మగత, వాటితో పాటు ఆస్టెరిక్సిస్ దీనికి గుర్తులు. ఆయాసపడుతున్న ఇటువంటి రోగికి అపరిమితంగా ఆక్సిజన్ ఇస్తే కార్బన్ డయాక్సైడ్ మరింత పెరిగే ప్రమాదం ఉంది. అందుకే వీరిలో రక్తంలోని ఆక్సిజన్ సంతృప్తతను 88 నుంచి 92 శాతం మధ్య ఉంచాలన్నది ఆమోదిత పద్ధతి.

5.4 మందులు, లవణాల లోపాలు

మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజిపైన్, వాల్‌ప్రోయేట్, మానసిక వ్యాధులకు వాడే లిథియం, క్లోజాపైన్, నిద్రమాత్రలు ఆస్టెరిక్సిస్‌కు కారణం కావచ్చు. వీటిలో వాల్‌ప్రోయేట్‌ను విశేషంగా చెప్పుకోవాలి. కాలేయ పరీక్షలన్నీ సక్రమంగా ఉన్న రోగిలో కూడా అది అమ్మోనియాను పెంచగలదు. మెగ్నీషియం, పొటాషియం తగ్గడం వల్ల, రక్తంలో చక్కెర పడిపోవడం వల్ల కూడా ఈ లక్షణం రావచ్చు.

5.5 ఒకే చేతిలో కనిపించినప్పుడు

పైన చెప్పిన కారణాలన్నీ శరీరమంతటికీ సంబంధించినవి కాబట్టి సాధారణంగా రెండు చేతుల్లోనూ స్థైర్యభంగం కనిపిస్తుంది. ఒక చేతికే పరిమితమైతే మెదడులో ఆ చేతికి సంబంధించిన మార్గంలో దెబ్బ ఉందేమో అనుమానించాలి. థాలమస్‌లో రక్తనాళం మూసుకుపోవడం లేదా చిట్లడం దీనికి ముఖ్యకారణం. లలాట ఖండం, పార్శ్వ ఖండం, మధ్యమెదడు, అనుమస్తిష్కం దెబ్బతిన్నప్పుడూ ఇది రావచ్చు. రెండు చేతుల ఆస్టెరిక్సిస్ వైద్యుణ్ణి రక్తపరీక్షల వైపు నడిపిస్తే, ఒక చేతి ఆస్టెరిక్సిస్ మెదడు స్కానింగ్ వైపు నడిపిస్తుంది. పక్షవాతంతో ఒక చెయ్యి ఇదివరకే పడిపోయిన రోగిలో మాత్రం ఈ సూత్రాన్ని జాగ్రత్తగా అన్వయించాలి. పైకెత్తలేని చేతిలో స్థైర్యభంగం కనిపించే అవకాశమే లేదు.

6. పరీక్షావిధానం

రోగిని కూర్చోబెట్టి రెండు చేతులు ముందుకు చాచమనాలి. మణికట్లను పైకి వంచి, వేళ్లను విడదీసి, ఎదురుగా వచ్చే వాహనాన్ని ఆపుతున్నట్టుగా అరచేతులను చూపమనాలి. ఆ భంగిమను కనీసం 30 సెకన్లు నిలపమనాలి. అప్పుడప్పుడు మాత్రమే పట్టు తప్పే రోగిలో తొందరపడి పరీక్ష ముగిస్తే లక్షణం దొరకదు.

చేతులు ఎత్తలేని రోగికి ఇతర మార్గాలున్నాయి. వైద్యుడి రెండు వేళ్లను పట్టుకొని బిగించమంటే పట్టు మధ్యమధ్య సడలుతుంది. నాలుకను బయటపెట్టి ఉంచమన్నా, పాదాలను పైకి వంచి ఉంచమన్నా ఇదే లోపం కనిపిస్తుంది. వెల్లకిలా పడుకొని మోకాళ్లు ముడిచిన రోగిలో తొడలు పక్కలకు వాలి వాలి లేవడాన్నీ పరిశీలించవచ్చు. ఇవన్నీ భంగిమను నిలపడానికి ఇచ్చే పరీక్షలే కాబట్టి రోగి మాట విని సహకరించే స్థితిలో ఉండటం తప్పనిసరి.

7. పొరబాటుకు మూల్యం

మద్యపానం వల్ల సిర్రోసిస్ వచ్చిన వ్యక్తి చేతులు కదులుతున్న స్థితిలో, తికమకగా మాట్లాడుతూ ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. ఈ దృశ్యానికి రెండు వివరణలు సాధ్యం. మద్యం హఠాత్తుగా మానేసినందువల్ల కలిగిన విరమణ లక్షణాలు కావచ్చు. హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ కావచ్చు. విరమణలో వణుకు సన్నగా, వేగంగా, ఎడతెగకుండా ఉంటుంది. చెమట, గుండెదడ, ఉద్రేకం తోడవుతాయి. ఎన్‌సెఫలోపతీలో చేతులు ఆగి ఆగి వాలుతాయి. రోగి మందకొడిగా ఉంటాడు.

ఈ భేదం చికిత్సను తలకిందులు చేస్తుంది. విరమణ లక్షణాలకు బెంజోడయజిపైన్ వర్గపు మందులు ప్రధాన చికిత్స. అవే మందులు ఎన్‌సెఫలోపతీ రోగిని కోమాలోకి నెట్టగలవు. తాగుబోతు చేతులు వణకడం మామూలే అన్న లోకాభిప్రాయం వైద్యుడి బుద్ధిని కూడా ఆవరిస్తే ఈ ప్రమాదం తప్పదు. రెండు స్థితులూ ఒకే రోగిలో కలిసి ఉండటమూ అసాధ్యం కాదు. కాబట్టి ఏ మత్తుమందు ఇవ్వడానికైనా ముందు అర నిమిషం చేతులు చాపించి చూడటం ఆ రోగికి వైద్యుడు చేయగల మొదటి మేలు.

8. చికిత్సకు చూపే దారి

ఆస్టెరిక్సిస్‌కు విడిగా మందు లేదు, అవసరమూ లేదు. మూలకారణం తొలగితే అది తనంతట తానే పోతుంది. సిర్రోసిస్ రోగిలో కొత్తగా కనిపించినప్పుడు ‘ఇప్పుడే ఎందుకు వచ్చింది?’ అన్న ప్రశ్న ముఖ్యం. జీర్ణమార్గంలో రక్తస్రావం జరిగితే ఆ రక్తమే మాంసకృత్తుల భారమై అమ్మోనియాను పెంచుతుంది. మలబద్ధకం అమ్మోనియా శోషణకు వ్యవధినిస్తుంది. పొటాషియం తగ్గితే మూత్రపిండాలే ఎక్కువ అమ్మోనియాను తయారుచేస్తాయి. ఇన్ఫెక్షన్, నీరు తగ్గడం, నిద్రమాత్రలు మిగిలిన ప్రధాన ప్రేరకాలు. వీటిని సరిచేస్తూ, రోజుకు రెండు మూడు మెత్తని విరేచనాలయ్యే మోతాదులో లాక్టులోజ్ ఇస్తారు. పదేపదే తిరగబెడితే రిఫాక్సిమిన్ జోడిస్తారు.

ఆహారం విషయంలో ఒక పాత అలవాటును విడిచిపెట్టవలసి ఉంది. అమ్మోనియా మాంసకృత్తుల నుంచి పుడుతుంది కాబట్టి పప్పు, పాలు, గుడ్డు మాన్పించాలని చాలాకాలం భావించారు. కాని కాలేయం చేయలేని పనిలో కొంతభాగాన్ని కండరాలు పంచుకుంటాయి. అవి కూడా అమ్మోనియాను గ్రహిస్తాయి. మాంసకృత్తులు తగ్గిస్తే కండరాలు కరిగి ఆ సాయమూ పోతుంది. అందుకే శరీరబరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలని నేటి మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఇళ్లలో నేటికీ కొనసాగుతున్న కఠినపథ్యం రోగికి మేలు చేయదు.

9. పరిమితులు

ఆస్టెరిక్సిస్ ఏ ఒక్క వ్యాధికీ ప్రత్యేకచిహ్నం కాదు. అది మెదడు ఇబ్బందిలో ఉందని చెబుతుంది, ఎందువల్లనో చెప్పదు. అది లేనంత మాత్రాన ఎన్‌సెఫలోపతీ లేదనీ చెప్పలేం. తొలిదశలో చేతులు నిలకడగానే ఉండి, ఆలోచనలో మాత్రమే లోపం ఉండవచ్చు. అటువంటివారికి అంకెలను వరుసగా కలిపే పరీక్ష, ఒక నిమిషంలో వీలైనన్ని జంతువుల పేర్లు చెప్పించే పరీక్ష వంటివి ఉపయోగపడతాయి. అంకెల పరీక్షకు చదువు కావాలి. జంతువుల పేర్లను ఎవరైనా తమ సొంత భాషలో చెప్పగలరు. నిరక్షరాస్యులైన రోగులను మాతృభాషలో పరీక్షించడానికి ఇది అనువైన మార్గం.

మరొక అంశం మరింత ముఖ్యమైనది. నిన్న ఉన్న ఆస్టెరిక్సిస్ నేడు కనిపించకపోతే అది ఎల్లప్పుడూ శుభసూచకం కాదు. రోగి తేరుకుంటే అది పోతుంది. కోమాలోకి జారుతున్నా పోతుంది. చేతులు నిలకడగా ఉన్నాయా అన్న ప్రశ్నను రోగి మెలకువగా ఉన్నాడా అన్న ప్రశ్నతో కలిపి చూడాలి.

10. ముగింపు

ఆస్టెరిక్సిస్ చేతుల వ్యాధి కాదు. శరీరంలో ఎక్కడో వడపోత ఆగిపోయి, ఆ భారాన్ని మెదడు మోస్తున్నదని చేతులు చెప్పే సమాచారం. దానిని వణుకు అన్న సామాన్యనామంతో పిలిచినంతకాలం వయసు, తాగుడు, భయం అనే సులభమైన సమాధానాల కింద అది మరుగున పడిపోతుంది. స్థైర్యభంగం అని గుర్తిస్తే అన్వేషణ కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మందుల చీటీ వైపు సాగుతుంది. కుటుంబసభ్యులు కూడా ఇందులో భాగస్వాములు కాగలరు. కాలేయవ్యాధి ఉన్న వ్యక్తి పగలు నిద్రపోయి రాత్రి మేలుకోవడం, సంతకం మారిపోవడం, తెలిసిన లెక్కలో తప్పడం, చేతిలోని గ్లాసు పదేపదే జారవిడవడం గమనిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి సంప్రదించాలి. వైద్యవిజ్ఞానం తెలుగులోకి వచ్చేటప్పుడు పదాల ఎంపిక ఎందుకు ముఖ్యమో కూడా ఈ ఒక్క లక్షణం తెలియజేస్తున్నది. సరైన పేరు సరైన ప్రశ్నకు దారితీస్తుంది. సరైన ప్రశ్న సకాలంలో అడిగితే రోగి ప్రాణం నిలిచే అవకాశం ఉంటుంది.